టీవీలో ‘అర్థం’ కాస్తా ‘అర్ధం’ అవుతోంది: కంప్యూటర్ కలిపితే అక్షరాలు ఎందుకు అలుక్కుపోతాయి?

పెరంబూరు ప్రూఫు:

అందరికీ నమస్కారం.

ఈ ఊరు మద్రాసుగా ఉన్న రోజుల నుంచి ముప్పై ఒక్క ఏళ్లు ఇక్కడి అచ్చాఫీసుల్లో తెలుగు ప్రూఫులు దిద్దినవాణ్ణి. వయసు డెబ్బై రెండు. కుడికంటి శుక్లం తీసేశారు, ఎడమకంటిది ఇంకా ముదరలేదంటున్నారు. నా ప్రశ్న కంటి గురించి కాదు, టీవీ గురించి. అయినా ముందే చెప్పేశాను, తరువాత ఎవరూ ‘కళ్లద్దాలు మార్చుకోండి’ అనకూడదని. మార్చుకున్నాను.

పోయిన దీపావళికి మా అమ్మాయి నలభై మూడు అంగుళాల టీవీ కొని, గోడకు బిగింపించి, రిమోట్ నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది. పెట్టె మీద 4కె అని పెద్ద అక్షరాలతో ఉంది. మా ఆవిడ దాన్ని సీరియళ్లకు వాడుకుంటోంది. నా ఆలోచన వేరు. నా దగ్గర మూడు ట్రంకు పెట్టెల కాగితాలు ఉండేవి. నేను దిద్దిన గ్యాలీ ప్రూఫులు (పేజీలుగా కట్టకముందు దిద్దడానికి తీసే అచ్చు ప్రతులు), ఎప్పుడో ఆగిపోయిన చిన్న పత్రికల సంచికలు, చివరికి శుభలేఖలు కూడా. 2015 డిసెంబరు వానల్లో ఇంట్లోకి నీళ్లు వచ్చి అడుగున ఉన్న పెట్టె ముద్దయింది. మిగిలిన రెండు పెట్టెలనూ మా తమ్ముడి కొడుకు సెలవుల్లో కూర్చుని అంగుళానికి 300 చుక్కల చొప్పున స్కాన్ చేసి కంప్యూటర్లోకి ఎక్కించాడు. వాలుకుర్చీలో కూర్చుని వాటిని పెద్ద తెర మీద చదువుకోవాలన్నది నా కోరిక.

కంప్యూటర్ 2014లో కూర్పించినది. దాని పాత మానిటర్, పద్దెనిమిదిన్నర అంగుళాలది, బల్ల మీద అలాగే ఉంది. వెనుక నుంచి టీవీకి ఒక హెచ్‌డీఎంఐ తీగ వేశాం. రెండు తెరల మీదా ఒకే బొమ్మ కనిపిస్తుంది.

ఇక బాధ. టీవీ మీద అక్షరాలు పెద్దవిగా ఉన్నాయి గాని తేటగా లేవు. తలకట్లు లావెక్కాయి, వత్తులు ముద్దలయ్యాయి. మన లిపిలో థకు, ధకు ఉన్న తేడా పొట్టలో ఒక్క చుక్క. చుక్క ఉంటే అర్థం, లేకపోతే అర్ధం. ఒకటి భావం, రెండోది సగం. నా ఉద్యోగం మొత్తం ఆ చుక్క మీద నడిచింది. ఇప్పుడు ఒక గ్యాలీ తెరిచి చూస్తే ఒక వాక్యంలో ‘అర్ధం’ అని కనిపిస్తోంది. అది నేను చూసి దాటించిన ప్రూఫు. అక్కడ చుక్క ఉండే ఉంటుంది, టీవీ దాన్ని మింగేసింది.

లేచి దగ్గరకు వెళ్లి చూశాను. ప్రతి అక్షరం చుట్టూ సన్నని తెల్లటి అంచు, ఎవరో సుద్దముక్కతో గీసినట్లు. అన్నిటికన్నా ఘోరం ఎర్రసిరా. అంచుల్లో నేను పెట్టిన దిద్దుబాటు గుర్తులు తడి కాగితం మీద రాసినట్లు పాకిపోయాయి. నల్ల అక్షరం కాస్త నయం, ఎరుపు చూడలేం.

బిగించడానికి వచ్చిన కుర్రవాడు ‘టీవీ సినిమాలు చూడటానికండీ, చదవడానికి కాదు’ అన్నాడు. రిచీ వీధికి వెళ్లాను. ఒక దుకాణంలో బంగారుపూత తీగ పంతొమ్మిది వందలు అన్నారు. బంగారం ధర ఎక్కడుందో తెలిసినవాణ్ణి కనుక తిరిగొచ్చేశాను. తప్పు తీగదా, టీవీదా, కంప్యూటర్‌దా?

ఇంకో ప్రశ్న కూడా. 2001లో మా అమ్మాయి పెళ్లి వీడియో డీవీడీ రూపంలో ఉంది. టీవీలో వేస్తే అందరూ పొట్టిగా, లావుగా కనిపిస్తున్నారు. ఎవరైనా చెయ్యి ఊపితే ఆ చెయ్యి దువ్వెన పళ్లలా విడిపోతోంది. మా ఆవిడకు ముఖ్యమైనది ఈ రెండో ప్రశ్నే.


వడపళని వాసి:

అయ్యా, తీగదే తప్పు. నేను ఖరీదైనది వేశాక మా ఇంట్లో బొమ్మ అద్దంలా ఉంది. చవక తీగల్లో రంగు కారిపోతుంది. నాకు అనుభవం మీద అర్ధమైన విషయం ఇది. కొనేయండి.


పెరంబూరు ప్రూఫు:

మీ సలహాకు కృతజ్ఞతలు. ‘అర్థమైన’. థ.


అన్నానగర్ పెన్‌డ్రైవ్:

ఇంత తతంగం ఎందుకు సార్? ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో వేసి టీవీ పక్కన గుచ్చండి. కంప్యూటరే అవసరం లేదు.


పెరంబూరు ప్రూఫు:

చేశాను. నా ఫైళ్లలో ఎక్కువ భాగం పీడీఎఫ్‌లు. టీవీ వాటిని గుర్తించనే లేదు. విడి బొమ్మలను చూపించింది గాని పెద్దది చేసి జరుపుదామంటే రిమోట్ బాణాలతో గంట పడుతుంది. పైగా ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి తానే వెళ్లిపోతోంది, అదేదో పెళ్లి ఆల్బమ్ అన్నట్లు.


ఓఎంఆర్ అమ్మాయి:

మాస్టారూ, నమస్తే. షోలింగనల్లూరులో ఒక కంపెనీలో తెరలకు బొమ్మ పంపే సాఫ్ట్‌వేర్ మీదే పని చేస్తాను. మీరు ఇంత వివరంగా రాశారు కనుక దాదాపు తెలిసిపోయింది. ఒక్కటి అడుగుతాను. రెండు తెరల మీదా ఒకే బొమ్మ అన్నారు. ఆ పాత మానిటర్ కొలత కంప్యూటర్లో 1366×768 అని చూపిస్తోందా? అలాగే మీ వాలుకుర్చీ టీవీకి ఎంత దూరంలో ఉంది?


పెరంబూరు ప్రూఫు:

అమ్మా, సరిగ్గా అదే అంకె. కుర్చీ దూరం టేపుతో కొలిచాను, పదడుగుల రెండంగుళాలు.


ఓఎంఆర్ అమ్మాయి:

అయితే తీగ నిర్దోషి. కేబుల్ టీవీ యాంటెన్నాల రోజుల్లో తీగ పాడైతే బొమ్మ మసకబారేది, మీసాలు వచ్చేవి. హెచ్‌డీఎంఐలో వెళ్లేవి అంకెలు. అవి చేరితే చేరతాయి, లేకపోతే లేదు. తీగ చెడితే తెర మీద మెరుపు చుక్కలు చిమ్ముతాయి, లేదా తెర నల్లబడి మళ్లీ వస్తుంది. అక్షరం మెత్తబడటం, రంగు కారడం తీగ చేసే పని కాదు. వడపళని వారు నన్ను మన్నించాలి. పది మీటర్లు లాగాల్సి వస్తే తీగ నాణ్యత గురించి మాట్లాడుకోవచ్చు, రెండు మీటర్లకు అవసరం లేదు.

మీ ఇంట్లో జరుగుతున్నది ఇది. ఒకే బొమ్మను రెండు తెరలకూ పంపమన్నారు కనుక కంప్యూటర్ ఆ ఇద్దరిలో చిన్నవాడి స్థాయికి దిగింది. మానిటర్‌కు నిలువున 768 వరుసలే. మీ టీవీకి 2160 వరుసలు ఉన్నాయి. టీవీ ఏం చేస్తుంది? వచ్చిన 768 వరుసలను సాగదీసి 2160కి సరిపెడుతుంది. నిండు అంకె కూడా కాదు, ఒక్కో తెర చుక్క (పిక్సెల్) రెండు ముప్పాతిక పైచిలుకు చుక్కలవుతుంది. ఆ సందుల్లో ఏం పెట్టాలో టీవీ తానే ఊహించి బూడిదరంగు పూస్తుంది.

మీ భాషలో లెక్క వేస్తాను. మీ గ్యాలీ పేజీ ఎత్తు పదకొండు అంగుళాలు అనుకుందాం, దాన్ని తెర నిలువుకు సరిపెట్టి చూస్తున్నారు అనుకుందాం. 768 వరుసలను పదకొండుతో భాగిస్తే అసలు కాగితం మీది అంగుళానికి డెబ్బై వరుసలే దక్కాయి. పన్నెండు పాయింట్ల అక్షరం అంటే అంగుళంలో ఆరో వంతు. అంటే ఒక అక్షరానికి పన్నెండు వరుసలు కూడా లేవు. అందులోనే తలకట్టు, అసలు అక్షరం, కింద వత్తు, ఆ వత్తు పొట్టలో చుక్క. ఎలా పడుతుంది మాస్టారూ? 1080 వరుసలు పంపితే అక్షరానికి పదహారు, 2160 పంపితే ముప్పై రెండు దాటి వస్తాయి. థ చుక్క బతికేది అక్కడే.

ఇంగ్లీషు చదివేవాళ్లు ఈ బాధ ఇంత త్వరగా కనిపెట్టరు. వాళ్లకు అక్షరం కింద ఇంకో అక్షరం ఉండదు కదా.

మొదటి పని. టీవీని కంప్యూటర్ తీగ ఉన్న ఇన్‌పుట్‌లో పెట్టి, కీబోర్డు మీద విండోస్ మీట, పి అక్షరం కలిపి నొక్కండి. నాలుగు వరుసల జాబితా వస్తుంది. అన్నిటికన్నా కింద ఉన్నది ఎంచుకోండి. మానిటర్ నల్లబడుతుంది, బొమ్మ టీవీకి మాత్రమే వెళుతుంది. కంగారు పడవద్దు. మళ్లీ అదే మీటలతో వెనక్కి వస్తుంది.

రెండో పని. డెస్క్‌టాప్ ఖాళీ చోట కుడి మీట నొక్కి డిస్‌ప్లే సెట్టింగ్స్‌కు వెళ్లి 3840×2160 ఎంచుకోండి. మార్పు నచ్చిందా అని అడుగుతుంది. మీరు ఏమీ నొక్కకపోతే పదిహేను సెకన్లలో పాత స్థితికి తానే వచ్చేస్తుంది, కాబట్టి ధైర్యంగా ప్రయత్నించవచ్చు. ఐకాన్లు చీమల్లా కనిపిస్తే అక్కడే స్కేల్ 250 శాతమో 300 శాతమో పెట్టండి.

మీది 2014 నాటి యంత్రం కనుక ఒక పరిమితి ఉంటుంది. 2009లో వచ్చిన హెచ్‌డీఎంఐ 1.4 పద్ధతిలో 4కె బొమ్మ సెకనుకు ముప్పై సార్లకు మించి వెళ్లదు. అరవై సార్లు పంపగలిగే 2.0 పద్ధతి 2013లో ప్రకటించారు గాని అది మామూలు కంప్యూటర్లలోకి రావడానికి ఆలస్యమైంది. ముప్పై అంటే మౌసు బాణం కాస్త బద్ధకంగా కదులుతుంది. చదవడానికి ఏ లోటూ లేదు, పేజీ కదలదు కదా. వెనుక డిస్‌ప్లేపోర్ట్ అనే సాకెట్ కూడా ఉంటే దాని నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే యాక్టివ్ అడాప్టర్‌తో అరవై తెచ్చుకోవచ్చు. మీకు దాని అవసరం ఉందనుకోను.

మూడో పని టీవీ వైపు, అసలు గొడవంతా అక్కడే. టీవీ తయారు చేసేవాళ్లు వచ్చే బొమ్మ ఎప్పుడూ లోపంతోనే వస్తుందని, దాన్ని తామే దిద్దాలని అనుకుంటారు. మీ వృత్తివారే, కాకపోతే భాష రానివారు. మీరు చూసిన సుద్దగీత ‘షార్ప్‌నెస్’ చేసిన పని. అంచు కనిపించిన ప్రతిచోటా పక్కన తెలుపు పూసి పదును అనిపిస్తుంది. చాలా టీవీల్లో దాన్ని సున్నాకు తెస్తే బొమ్మ ఉన్నది ఉన్నట్లు ఉంటుంది. సోనీలో మాత్రం మధ్యలో ఉన్న యాభైయే తటస్థం. నాయిస్ రిడక్షన్ లాంటివి, కదలికను నునుపు చేస్తాననేవి అన్నీ ఆపేయండి.

తెర అంచులు తెగిపోతే, అంటే కింద గడియారం సగం మాయమైతే, అది ఓవర్‌స్కాన్. వెనుకటి బొద్దు గాజు టీవీల్లో అంచు బొమ్మ సరిగా ఉండేది కాదని కొంత చట్రం వెనుకకు నెట్టి చూపేవారు. గాజు పోయింది, అలవాటు పోలేదు. అంచు కోసి మిగిలినదాన్ని సాగదీస్తుంది కనుక అక్షరం మళ్లీ మెత్తబడుతుంది. బొమ్మ కొలత అమరికలో దాన్ని ఆపవచ్చు. ఎల్‌జీలో ‘జస్ట్ స్కాన్’, సోనీలో ‘ఫుల్ పిక్సెల్’, శామ్‌సంగ్‌లో ‘ఫిట్ టు స్క్రీన్’ అంటారు. చుక్కకు చుక్క, అంతే.

ఇప్పుడు మీ ఎర్రసిరా. కంటికి వెలుగులో తేడా తెలిసినంతగా రంగులో తేడా తెలియదు. అందుకని వీడియోలో వెలుగును ప్రతి చుక్కకూ విడిగా ఉంచి, రంగును నాలుగు చుక్కలకు కలిపి ఒకటే ఇస్తారు. సినిమాలో ఎవరికీ తెలియదు. తెల్ల కాగితం మీద సన్నని ఎర్రగీతకు మాత్రం అది చావుదెబ్బ. రంగుల అచ్చులో రిజిస్ట్రేషన్, అంటే రంగు మీద రంగు సరిగా కూర్చోవడం, తప్పితే ఎరుపు గీత దాటి పక్కకు ఎలా పోతుందో మీకు తెలుసు కదా, ఇంచుమించు అదే రూపం. మీ కంప్యూటర్ పూర్తి రంగే పంపుతుంది. టీవీ లోపలికి వచ్చాక తన సౌకర్యం కోసం తగ్గించుకుంటుంది. మందు ఏమిటంటే, ఆ ఇన్‌పుట్‌కు ‘పీసీ’ అని పేరు పెట్టడం. చాలా టీవీల్లో ఇన్‌పుట్ పేరు మార్చే చోటు ఉంటుంది. పేరే కదా అనుకోవద్దు. ఆ పేరు చూసే టీవీ తన దిద్దుబాట్లు మానుకుని రంగును పూర్తిగా చూపిస్తుంది.

ఇన్ని చేసినా పదడుగుల నుంచి చూస్తే లాభం లేదు. ఆరోగ్యమైన కన్ను ఒక డిగ్రీలో అరవయ్యో వంతు కోణాన్ని విడదీయగలదని లెక్క. మీ టీవీలో ఒక్కో చుక్క పావు మిల్లీమీటరు. అంత చిన్న చుక్క విడిగా కనిపించాలంటే ఎనభై అయిదు సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. మరీ అంత దగ్గర అక్కర్లేదు గాని, చదివేటప్పుడు కుర్చీని నాలుగడుగులకు తెచ్చుకోండి.


వడపళని వాసి:

అమ్మాయిగారూ, నేను మాటను వెనక్కి తీసుకుంటున్నాను. మా ఇంట్లో కొత్త తీగ వేసిన రోజే మా అబ్బాయి సెట్టింగులు కూడా ఏవో మార్చాడట, ఇప్పుడు అడిగితే చెప్పాడు. అర్థమైంది. థ.


పెరంబూరు ప్రూఫు:

అమ్మా, ఫలితాలు వరుసగా రాస్తున్నాను.

విండోస్, పి నొక్కి కింది వరుస ఎంచుకోగానే రెండు తెరలూ నల్లబడ్డాయి. ‘చెప్పానా’ అంది మా ఆవిడ, ఏం చెప్పిందో నాకు గుర్తు లేదు. తీరా చూస్తే టీవీ సీరియల్ పెట్టె ఉన్న ఇన్‌పుట్‌లోనే ఉంది. మీరు ముందే రాశారు, నేనే వాక్యం దాటేశాను. ప్రూఫు రీడరు వాక్యం దాటేయడం ఎంత అవమానమో మీకు తెలియదు.

తరువాత 1920×1080 వచ్చింది. తేడా ఆ క్షణంలోనే తెలిసింది. కాని మీరు అన్నట్లే అంచులు తెగాయి. తేదీలో సంవత్సరం కనిపించలేదు. రిమోట్‌తో బొమ్మ కొలత వెతకడానికి అరగంట పట్టింది. దొరికాక పేజీ నాలుగు వైపులా మార్జిన్లతో సహా కూర్చుంది. ఆపైన 3840×2160 పెట్టాను. ముప్పై అని చూపిస్తోంది. డిస్‌ప్లేపోర్ట్ లేదు. మౌసు బాణం నిజంగానే నాలా నడుస్తోంది.

షార్ప్‌నెస్ యాభై నుంచి సున్నాకు తెచ్చాను. మొదటి అయిదు నిమిషాలు బొమ్మ చప్పగా అనిపించింది, ఉప్పు తగ్గించిన కూరలాగా. తరువాత సుద్దగీత లేని అక్షరం ఎంత హాయిగా ఉందో తెలిసింది. ఇన్‌పుట్‌కు పీసీ అని పేరు పెట్టిన క్షణంలో టీవీ ఒకసారి రెప్ప వేసింది. చూద్దును కదా, నా ఎర్రసిరా గుర్తులు! పాళీ ఎక్కడ ఆగిందో, ఎక్కడ ఒత్తిపట్టానో కూడా కనిపిస్తోంది. ఒకచోట కాఫీ మరక ఉంది, అది కూడా నాదే.

కుర్చీ నాలుగడుగులకు జరిపాను. అది దారికి అడ్డమని ఇంట్లో అభ్యంతరం వచ్చింది. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు అనుమతి దొరికింది.

ఒక్క సందేహం. పీసీ అని పెట్టాక పేజీ బాగుంది గాని పెళ్లి వీడియోలో నల్లనివన్నీ ఒకటే ముద్ద. మా ఆవిడ జడ, వెనుక తలుపు, మా బావగారి కోటు కలిసిపోయాయి.


ఓఎంఆర్ అమ్మాయి:

అది నలుపు ఎక్కడ మొదలవుతుందన్న దాని మీద ఇద్దరికీ ఒప్పందం లేకపోవడం. కంప్యూటర్ లెక్కలో నలుపు 0, తెలుపు 255. వీడియో సంప్రదాయంలో నలుపు 16, తెలుపు 235. కంప్యూటర్ 0 నుంచి పంపుతుంటే టీవీ 16 దగ్గర నలుపు అనుకుంటే, ఆ మధ్యవన్నీ ఒకే మసి. దీనికి తిరగబడితే నలుపు బూడిదరంగై, సిరా తక్కువైన అచ్చులా ఉంటుంది. మీ కంప్యూటర్లో ఇంటెల్ గ్రాఫిక్స్ పానెల్ ఉంటుంది. అందులో ‘క్వాంటిజేషన్ రేంజ్’ అన్నది ఫుల్ పెట్టి, టీవీలో బ్లాక్ లెవెల్ లేదా హెచ్‌డీఎంఐ రేంజ్ అన్నది కూడా దానికి సరిపడేలా పెట్టండి. ఏది పెట్టినా ఫరవాలేదు, రెండుచోట్లా ఒకటే ఉండాలి. పరీక్షకు ఆ జడే చాలు.


విల్లివాక్కం వీడియో:

పెద్దాయనగారూ, మీ రెండో ప్రశ్నకు నేను. తొంభైల చివరి నుంచి చెన్నైలో తెలుగువారి పెళ్లిళ్లు తీశాను. మీ అమ్మాయి పెళ్లి నేను తీసిందే కావచ్చు, చెప్పలేం.

అప్పటి కెమెరా బొమ్మ 720 చుక్కల వెడల్పు, 576 వరుసల ఎత్తు. దాన్ని నాలుగుకు మూడు నిష్పత్తిలో చూడాలి. మీ టీవీ పదహారుకు తొమ్మిది కనుక పక్కలకు లాగి నింపేస్తోంది. అందుకే అందరూ లావయ్యారు. టీవీలో లాగుడు ఆపి, కంప్యూటర్లో వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్‌తో వేసి కీబోర్డు మీద ఎ అక్షరం నొక్కుతూ పోతే నిష్పత్తులు మారతాయి. 4:3 దగ్గర ఆగండి. రెండు పక్కలా నల్లటి పట్టీలు వస్తాయి. దయచేసి వాటిని నింపాలని చూడవద్దు. మా కస్టమర్లు అందరూ ‘తెర ఖాళీగా ఉంది, డబ్బులిచ్చాం కదా’ అంటారు.

దువ్వెన పళ్ల సంగతి. అప్పట్లో మన దేశంలో పాల్ అనే టీవీ పద్ధతి. సెకనుకు ఇరవై అయిదు బొమ్మలు గాని, ఒక్కో బొమ్మను రెండు సగాలుగా తీసేది కెమెరా. ఒక సగంలో బేసి వరుసలు, ఇంకో సగంలో సరి వరుసలు. మొత్తం సెకనుకు యాభై సగాలు. గాజు టీవీ వాటిని అదే వరుసలో గీసేది కనుక కనిపించేది కాదు. కంప్యూటర్ రెండు సగాలనూ కలిపి ఒకేసారి చూపిస్తుంది. ఆ మధ్య కదిలిన చెయ్యి రెండుచోట్ల ఉంటుంది, అవే పళ్లు. వీఎల్‌సీలో డి అక్షరం నొక్కండి, పోతాయి. వీడియో మెనూలో డీఇంటర్లేస్ (ఆ పళ్లను పోగొట్టే) పద్ధతుల్లో యాడిఫ్ 2ఎక్స్ అన్నది ఎంచుకుంటే యాభై కదలికలూ పూర్తిగా వస్తాయి. తలంబ్రాల దగ్గర తేడా బాగా తెలుస్తుంది. బియ్యం గింజలు గీతలుగా కాకుండా గింజలుగా పడతాయి.

అమ్మాయిగారు చెప్పిన 4కె ముప్పై మీ పేజీలకు మంచిదే. పెళ్లికి మాత్రం వద్దు. ఇరవై అయిదు ముప్పైలో సరిగా ఇమడదు, కెమెరా పందిరి ఈ చివరి నుంచి ఆ చివరికి తిరిగినప్పుడు ఎక్కిళ్లు వస్తాయి. వీడియో చూసేటప్పుడు 1920×1080 పెట్టి రిఫ్రెష్ రేటు 50 ఎంచుకోండి. ఒక్కో సగానికి ఒక్కో వంతు చక్కగా కుదురుతుంది.

ఇంత చేసినా 576 వరుసలు 576 వరుసలే. వాటిని మీ తెర మీద దాదాపు నాలుగు రెట్లు సాగదీస్తున్నారు. దీనికి మాత్రం మీ పాత పదడుగుల దూరమే మంచిది. ఇంట్లో అసలు టేపు ఉంటే, వేలెడు మినీ డీవీ క్యాసెట్, పారేయవద్దు. డీవీడీ చేసేటప్పుడు బొమ్మను బాగా కుదించి ఉంటారు. ఫైర్‌వైర్ అనే సాకెట్ ఉన్న పాత కంప్యూటర్‌కు కెమెరాను కలిపి టేపు నుంచి తీస్తే నష్టం లేకుండా వస్తుంది. ఆ టేపులు ఆడించే కెమెరాల్లో పనిచేసేవి రానురాను తగ్గిపోతున్నాయి, ఆలస్యం చేయవద్దు.


ఓఎంఆర్ అమ్మాయి:

50 సంగతి నాకు తట్టలేదు. బాగా చెప్పారు.


పెరంబూరు ప్రూఫు:

మూడు రోజులు రాయలేదు, క్షమించాలి. ఇంట్లో పెళ్లి జరుగుతోంది. రోజూ సాయంత్రం ఆరు నుంచి.

నలుపు రెండుచోట్లా ఫుల్ పెట్టాక మా బావగారి కోటు తలుపు నుంచి విడిపడింది. డి నొక్కగానే దువ్వెన పోయింది. యాభైలో తలంబ్రాలు మీరు చెప్పినట్లే పడుతున్నాయి. నిష్పత్తి సరిచేశాక మా ఆవిడ పట్టీలను చూసి ఏమీ అనలేదు, తాను సన్నబడినందుకు. ఆ వీడియోలో పంక్తి చివర కూర్చున్న మా అమ్మను ఇన్నాళ్లూ ఎవరూ గమనించలేదు. మూడుసార్లు ఆపి చూశాం. బీరువాలో టేపు ఉంది, మినీ డీవీయే. విల్లివాక్కం వారు కెమెరా ఉన్నచోటు చెబితే తీసుకొస్తాను. పెళ్లి వడపళనిలో, మే నెలలో. మీరే తీసి ఉంటే భోజనాల దగ్గర లైటు ఆరిపోయిన సంగతి గుర్తుండాలి.

ఇక మొదట చెప్పిన ఆ గ్యాలీ. నిన్న మధ్యాహ్నం రెండింటికి, నాలుగడుగుల దూరంలో, 2160 వరుసలతో తెరిచాను. సరిపోలేదని రెండు వందల శాతానికి పెంచాను. లేచి వెళ్లి తెర మీద భూతద్దం కూడా పెట్టాను.

చుక్క లేదు.

టీవీ ఏమీ మింగలేదు. అక్కడ అచ్చయినదే ‘అర్ధం’. అదే పంక్తిలో, రెండు మాటల అవతల, నేను ఎర్రసిరాతో ఒక కామా చేర్చాను. చాలా శుభ్రంగా చేర్చాను. కింద నా పొడి అక్షరాలు, తేదీ ఉన్నాయి.

వడపళని వారికి నేను బాకీ.